ఒక పేరు, రెండు వేర్లు

ఎండాకాలం వచ్చిందంటే మన ఇళ్ళల్లో వాసన ఒకటే, పేర్లు మాత్రం ఊరికొకటి. రాయలసీమలో నన్నారి అంటారు. విజయవాడ పక్క సుగంధి సోడా. తమిళనాట నన్నారి సర్బత్తు, మదురై జిగర్‌తండాలో పోసే పాకం కూడా అదే. కన్నడంలో సొగదె బేరు, నామద బేరు. మరాఠీలో ఉపళసరి. ఒడియాలో అనంతమూళ. నిమ్మకాయ పిండి, ఐసు వేసి, ఆ ఎర్రటి పాకం రెండు చెంచాలు పోసి ఇస్తే పేరు ఏదైనా గొంతుకు తెలిసిపోతుంది.

మా ఇల్లు కోలారు జిల్లాలో. మా ముందువాళ్ళు పుంగనూరు దిక్కునుంచి వచ్చి ఇక్కడ నిలబడి నాలుగు తరాలయింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అందుకని మాకు ప్రతి చెట్టుకూ, ప్రతి వేరుకూ రెండు పేర్లుంటాయి. మామూలుగా రెండు పేర్లూ ఒకే వస్తువు మీద కూర్చుంటాయి. నన్నారి దగ్గర మాత్రం అట్లా కూర్చోవు. సుగంధిపాల అంటే ఒక తీగ. షర్బత్తు సీసాలోకి ఎక్కువగా వచ్చే వేరు ఇంకో తీగది. ఆ రెండో తీగ మన దక్షిణాది కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా పుట్టదు, ఇప్పుడు ప్రమాదంలో ఉంది. దాని పేరు సీసా మీద ఉండదు కాబట్టి అది తగ్గిపోతున్న సంగతి తాగేవాళ్ళకు తెలియదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

గొల్లవాళ్ళ తీగ

మొదట అసలు సుగంధిపాల సంగతి. శాస్త్రం పేరు హెమిడెస్మస్ ఇండికస్. సన్నటి తీగ, దారంలాగా ఉంటుంది. నేలమీద పాకుతుంది, లేకుంటే పక్కనున్న కంప మీదికి ఎక్కుతుంది. ఆకులు జంటలు జంటలుగా వస్తాయి. లేత తీగ మీద ఆకు సన్నగా పొడుగ్గా, ముదిరినదాని మీద వెడల్పుగా ఉంటుంది. ఒకే తీగ మీద రెండు రకాలూ చూడొచ్చు. చాలా ఆకులకు మధ్యలో తెల్లటి గీత ఉంటుంది. కన్నడం వాళ్ళు నామద బేరు అన్నది ఆ గీతను చూసే అయ్యుంటుందని మా ఇంట్లో అనుకుంటాం. పువ్వు చాలా చిన్నది, బయట ఆకుపచ్చ, లోపల ఊదా. ఆకు తుంచితే పాలు కారతాయి. వేరు వాసన వేస్తుంది. అందుకే తెలుగులో సుగంధి, పాల అని రెండు గుణాలనూ ఒక్క పేరులో కట్టేశారు. ఇంతకంటే పొందికైన పేరు ఇంకే భాషలోనూ మాకు కనబడలేదు.

ఈ తీగ ఉత్తరాన గంగా మైదానం నుంచి కింద సింహళం దాకా ఉంది. పొలం గట్ల మీద, కంచెల్లో, పొదల కింద పెరుగుతుంది. అందుకే ఇన్ని భాషల్లో ఇన్ని పేర్లు.

ఆయుర్వేదంలో దీన్ని సారిబ అంటారు, అనంతమూలం అనీ అంటారు. అంతులేని వేరు అని అర్థం. తవ్వినవాళ్ళకు ఆ పేరు బాగా అర్థమవుతుంది. వేరు సన్నంగా లోపలికి పోతూనే ఉంటుంది, పీకితే మధ్యలో తెగుతుంది. చరక సంహితలో జ్వరం తగ్గించే మందుల గుంపులోనూ, మంట చల్లార్చే మందుల గుంపులోనూ సారిబ ఉంది. సుశ్రుత సంహితలో దీని పేరుమీద ఒక గణమే ఉంది, సారిబాది గణం. అతిమధురం, చందనం, వట్టివేరు, ఇప్పపువ్వు లాంటివి దీనితోపాటు వస్తాయి. ఆ గణం దేనికి అంటే దప్పికకు, పిత్త జ్వరానికి, రక్తపిత్తానికి, దాహానికి. సంస్కృతంలో దాహం అంటే ఒంట్లో మంట. మనం తెలుగులో దాహం అంటే దప్పిక అంటాం. ఎండలో తిరిగొచ్చినవాడికి రెండూ ఒకటే కదా, ఒక గ్లాసు నన్నారి రెండింటికీ సరిపోతుంది.

ఇంకొక సంగతి ఉంది. సారిబకు గోపీ, గోపవల్లి, గోపకన్య అని పేర్లున్నాయి. అన్నీ గొల్లలను తలచుకునే పేర్లే. చరకుడు ఒకచోట మూలికల పేర్లూ రూపాలూ మేకలు కాసేవాళ్ళకు, గొర్రెలు కాసేవాళ్ళకు, ఆవులు కాసేవాళ్ళకు, అడవిలో ఉండేవాళ్ళకు తెలుస్తాయని చెప్తాడు. పాత గ్రంథాల్లో మొక్క ఎట్లా ఉంటుందో వర్ణన తక్కువ, గుణం ఎక్కువ. మొక్కను చూపించాల్సింది మనిషే. చూపించే మనిషి మారితే, ఊరు మారితే, ఒకే పేరు కింద వేరే మొక్క రావడానికి ఆస్కారం మొదటినుంచీ ఉంది. సారిబలోనే శ్వేత సారిబ, కృష్ణ సారిబ అని రెండున్నాయి. తెల్లది సుగంధిపాల అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. నల్లది ఏదంటే ఒక ప్రాంతంలో ఒక తీగను, ఇంకో ప్రాంతంలో నల్లతీగను వాడతారు. పేరు పుస్తకంలో ఉంది, మొక్క ఊరిలో ఉంది, రెండింటినీ కలిపేది అలవాటు.

దొరల చేతిలో

మన సుగంధిపాల అచ్చు పుస్తకాల్లోకి ఎక్కిన కథ మలబారు తీరంలో మొదలవుతుంది. డచ్చి గవర్నరు వాన్ రీడ్ 1678 నుంచి 1693 వరకు 12 సంపుటాలుగా వచ్చిన హార్టస్ మలబారికస్ తయారు చేయించాడు. అందులో దీన్ని మలయాళం పేరుతో నఱునీండి అని బొమ్మతో సహా వేశారు. నఱు అంటే వాసనగల అనే. తర్వాత లిన్నేయస్ 1753లో లాటిన్ పేరు పెట్టాడు. ఇప్పుడున్న హెమిడెస్మస్ అన్న జాతి పేరు రాబర్ట్ బ్రౌన్ పెట్టింది.

తెలుగుదేశానికి సంబంధించిన ముక్క సామర్లకోట దగ్గర ఉంది. యానాంలో ఉన్న మనవాళ్ళకు అది ఎంతో దూరం కాదు. విలియం రాక్స్‌బరో అన్న స్కాట్లండు వైద్యుడు 1781 నుంచి 1793లో కలకత్తా తోటకు వెళ్ళేదాకా అక్కడే ఉండి, తెలుగు తీరపు మొక్కలన్నీ రాసి, బొమ్మలు గీయించాడు. ఆయన సుగంధిపాలకు పెట్టిన పేరు ఆస్‌క్లెపియాస్ సూడోసార్సా. సూడో అంటే దొంగ. దొంగ సార్సా!

ఎందుకు దొంగది? సార్సాపరిల్లా అన్నది మెక్సికో, హోండురాస్ అడవుల్లో పెరిగే ముళ్ళ తీగ వేరు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు దాన్ని ఐరోపాకు తెచ్చారు. అప్పుడు కొత్తగా వ్యాపించిన సవాయి రోగానికి అది మందని నమ్మారు. అదే రోగం పోర్చుగీసు ఓడల వెంట మన రేవులకూ వచ్చింది. అందుకే భావప్రకాశం దాన్ని ఫిరంగ రోగం అంది. దానికి వాడిన చోపచీని వేరును తెలుగులో ఫిరంగి చెక్క అన్నారు. కంపెనీ సైన్యంలో ఆ రోగం ఎక్కువ, అమెరికా వేరు ఖరీదు ఎక్కువ. మద్రాసు వైద్యులకు సుగంధిపాల దొరికింది. రూపంలో సార్సాను పోలిన పొడుగు వేరు, పైగా మంచి వాసన. మన ఊరి వేరుకు వాళ్ళు కట్టిన పేరు దేశవాళీ సార్సాపరిల్లా. మనది మనకు అసలుది, దూరం నుంచి చూసేవాడికి నకలుది.

మద్రాసులో పనిచేసిన విట్లా ఎయిన్‌స్లీ 1813లో అక్కడే అచ్చువేసిన మూలికల పుస్తకంలో మన బజారు సరుకుల్ని దేశభాషల పేర్లతో ఎక్కించాడు. 1864లో మొదటి బ్రిటిష్ ఫార్మకోపియా వచ్చినప్పుడు అందులో హెమిడెస్మస్ వేరు, దాని పాకం రెండూ ఉన్నాయి. 1868లో వేరింగ్ కూర్చిన ఇండియా ఫార్మకోపియాలోనూ ఉంది. లండన్ మందుల షాపులో నన్నారి పాకం సీసా పెట్టి అమ్మిన కాలం అది. సవాయికి అది పనిచేయలేదు. ఆ జబ్బు లొంగింది 1940ల్లో పెన్సిలిన్ వచ్చాకే. ఫార్మకోపియాలోంచి సుగంధిపాల మెల్లగా జారిపోయింది. మన దగ్గర మాత్రం అది ఆ జబ్బు కోసం రాలేదు కాబట్టి ఆ జబ్బుతో పోలేదు. చల్లదనం కోసం వచ్చింది, ఇంకా ఉంది. ఆయుర్వేదం షాపులో సారిబాద్యాసవం ఈరోజు కూడా దొరుకుతుంది. మంటలకు పూసే పిండ తైలంలోనూ సారిబ ఉంటుంది.

కొండ రాళ్ళల్లో రెండో వేరు

ఇక రెండో తీగ. శాస్త్రం పేరు డెకాలెపిస్ హామిల్టోనియై. కన్నడంలో మాగళి బేరు, మాకళి బేరు. తమిళంలో మాగాళి కిళంగు. తెలుగులో మారేడు కొమ్ములు, నన్నారి కొమ్ములు, బర్రె సుగంధి అని చోటుకో మాట. మారేడు అంటే బిల్వం కదా అని అడగొచ్చు. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, పేరే కలిసింది. బర్రె సుగంధి అన్నది మాకు నచ్చిన పేరు. సుగంధిపాల ఆవు అయితే ఇది బర్రె అన్నమాట, అంత లావు.

రెండూ ఒకే కుటుంబానికి చెందిన తీగలు, రెండింటికీ పాలు వస్తాయి. కానీ పక్కపక్కన పెడితే పొరపడే పని లేదు. బర్రె సుగంధి మోటు తీగ, కర్రగా ముదురుతుంది. ఆకు వెడల్పు. బండల సందుల్లో, కొండ వాలుల్లో పెరుగుతుంది. వేర్లు గుత్తిగా, కండగా, ముల్లంగి మాదిరి దిగుతాయి. కొన్ని బొటనవేలంత, కొన్ని ఇంకా లావు. పచ్చి ముక్క నోట్లో వేసుకుంటే మొదట తియ్యగా అనిపించి, తర్వాత నాలుక చురుక్కుమంటుంది.

కోలారు, బెంగళూరు, మైసూరు ఇళ్ళల్లో దీన్ని తెలిసినవాళ్ళు ఊరగాయగా తెలుసు. వేర్లు నానబెట్టి, మన్ను పోయేలా కడిగి, పైతోలు గీకి, మధ్యలో ఉన్న కర్రను తీసేసి పారేస్తారు. కండ మాత్రం చిన్న ముక్కలుగా తరిగి వెంటనే నిమ్మరసంలోనో మజ్జిగలోనో వేయాలి, లేకుంటే నల్లబడిపోతాయి. ఉప్పు, కారం, ఆవపిండి. పెరుగన్నంలోకి దానికి సాటి లేదని ఒక జట్టు అంటుంది. నల్లి వాసన అని ముక్కు మూసుకునే జట్టు ఇంకొకటి. మా ఇంట్లో రెండు జట్లూ ఉన్నాయి. మా అవ్వ జాడీ మూత తీస్తే మగపిల్లలంతా వాకిట్లోకి పోయేవాళ్ళం, ఆడపిల్లలు గిన్నె పట్టుకుని లోపలికి వచ్చేవాళ్ళు.

ఈ తీగకు శాస్త్రీయమైన పేరు పెట్టింది 1834లో, రాబర్ట్ వైట్, ఆర్నాట్ ఇద్దరూ కలిసి. అంటే లిన్నేయస్ సుగంధిపాలకు పేరు పెట్టిన 81 ఏళ్ళ తర్వాత. వైట్ మద్రాసు కంపెనీ వైద్యుడు. ఆయన అచ్చువేసిన పెద్ద పెద్ద మొక్కల పుస్తకాలకు బొమ్మలు గీసినవాళ్ళలో ముఖ్యులు ఇద్దరు, రంగయ్య, ఆ తర్వాత గోవిందు. రంగయ్య తంజావూరు నుంచి వచ్చిన చిత్రకారుడు. తంజావూరు బొమ్మలు వేసే రాజుల ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. విజయనగరం, నాయకరాజుల కాలంలో అటు వెళ్ళి నిలిచిపోయినవాళ్ళు వాళ్ళు. దక్షిణదేశపు మొక్కలను లోకానికి చూపించిన చేతుల వెనక మనలాగే పొరుగు రాష్ట్రంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల విద్య ఉందని తలచుకుంటే మాకు గర్వంగా ఉంటుంది.

బర్రె సుగంధికి ఉన్న పేర్లు లెక్కపెట్టండి. తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం. అంతే. హిందీ బజారులోగానీ పాత నిఘంటువుల్లోగానీ దానికి సారిబకు ఉన్నంత స్థానం లేదు. ఆయుర్వేద ఫార్మకోపియాలో శ్వేత సారిబ అంటే హెమిడెస్మస్ వేరే. డెకాలెపిస్ వచ్చేది దానికి బదులుగా. అది పుట్టే చోటే చిన్నది మరి. నల్లమల, శేషాచలం, చిత్తూరు కొండలు, తమిళనాడు తూర్పు కొండలు, కర్ణాటకలో రాతి గుట్టలు, బిళిగిరి రంగన బెట్ట, కేరళ అంచు.

పేరు ఎట్లా దాటింది

ఒక వేరు పేరు ఇంకో వేరుకు ఎట్లా పోయింది? దీనికి ముక్కు ఒక కారణం, తక్కెడ ఒక కారణం.

ముక్కు సంగతి ముందు. రెండు వేర్లలోనూ వాసనకు మూలం ఒకే పదార్థం, 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. ఐస్‌క్రీములో వేసే వెనిలా వాసనకు మూలమైన వెనిలిన్‌లో ఎన్ని అణువులున్నాయో దీనిలోనూ సరిగ్గా అన్నే, అమరిక మాత్రం వేరు. నన్నారి తాగుతుంటే ఎక్కడో వెనిలా తగులుతున్నట్టు ఉంటుందే, అది ఊరికే కాదు. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ ఈ వేరు మీద చాలా ఏళ్ళు పని చేసింది, దాని వాసన మీద, తీగను ల్యాబులో కణజాలం నుంచి పెంచడం మీద. వాసన ఒకటే అయినప్పుడు గ్లాసులో తేడా పట్టడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు తక్కెడ. సుగంధిపాల వేరు పెన్సిలు కంటే లావు కావడం అరుదు. చాలా భాగం అంతకంటే సన్నం. లోపల కర్ర, పైన బెరడు, వాసనంతా బెరడులోనే. ఒక కిలో కావాలంటే రోజంతా వంగి తవ్వాలి, ఎన్నో తీగలు పీకాలి. బర్రె సుగంధి ఒక గుత్తి దొరికితే గోనెలో బరువు కనిపిస్తుంది. కండ ఎక్కువ, రసం ఎక్కువ. ఇంటికి సరిపడా కషాయం పెట్టుకున్నన్నాళ్ళు సన్న వేరు చాలింది. రోడ్డు పక్క బండి, సోడా షాపు, సీసా వ్యాపారం వచ్చాక చాలలేదు. రాయలసీమలో బజారుకు వచ్చే నన్నారి ఎక్కువగా ఈ లావు వేరుతోనే తయారవుతుంది. పేరు మాత్రం పాతదే ఉంచారు. పేరుకు గిరాకీ ఉంది కాబట్టి.

దీన్ని మోసం అని ఒక్క మాటలో కొట్టేయలేం. అడవిలో తవ్వే యానాదులు, చెంచులు రెండు తీగలనూ వేరువేరుగా గుర్తుపడతారు, వేరు పేర్లతో పిలుస్తారు. గిరిజన సహకార సంస్థ కూడా నన్నారి షర్బత్తు అమ్ముతుంది, దానివల్ల అడవిలో ఉన్నవాళ్ళకు నాలుగు రూపాయలు వస్తాయి. తేడా చెరిగిపోయింది అడవిలో కాదు, అడవి దిగిన తర్వాత. గోనె మారి, లారీ మారి, అంగడి మారి, సీసాలోకి వచ్చేసరికి రెండు పేర్లు ఒకటైపోయాయి. మన వలస కుటుంబాలు కూడా అందులో భాగమే. కొండ వదిలి ఊరికి, ఊరు వదిలి పరాయి రాష్ట్రానికి వచ్చినప్పుడు మనం మొక్కను తెచ్చుకోలేం, పేరును తెచ్చుకుంటాం. అంగడివాడు ఆ పేరు వింటే తన దగ్గరున్నది ఇస్తాడు. కర్ణాటకలో గ్రంధిగె అంగడిలో సుగంధిపాల అంటే ఒకటి, తమిళనాట నాట్టు మరుందు కడలో నన్నారి వేరు అంటే ఒకటి చేతిలో పడుతుంది. కాగితం పొట్లంలో ఎండిన పుల్లలే కదా.

లెక్కలోకి రాని నష్టం

తాగడానికే అయితే ఏ వేరైతే ఏముంది అనొచ్చు. రెండు చోట్ల తేడా వస్తుంది.

ఒకటి మందు. పుస్తకంలో సారిబ అని రాసిన గుణాలు సారిబవి. వాసన ఒకటైనంత మాత్రాన మిగతా గుణాలన్నీ ఒకటని అనుకోకూడదు. వైద్యుడు ఒక వేరు రాస్తే ఆ వేరే పడాలి. ఇక షర్బత్తులో వేరు ఎంత ఉందో గానీ చక్కెర మాత్రం చాలా ఉంటుంది. చక్కెర జబ్బు ఉన్న పెద్దవాళ్ళకు చలవ చేస్తుందని గ్లాసు మీద గ్లాసు ఇవ్వడం మంచిది కాదు. వేరే లేకుండా ఎసెన్సు, రంగు కలిపిన సీసాలు కూడా బజారులో ఉన్నాయి.

రెండోది ఇంకా పెద్దది, ఆ తీగ బతుకు. బర్రె సుగంధికి కావలసింది వేరే. ఆకు కోస్తే చెట్టు బతుకుతుంది, కాయ కోస్తే బతుకుతుంది, గుత్తి మొత్తం తవ్వితే బతకదు. కాయలో గింజలకు పట్టు లాంటి పోగులుంటాయి, గాలికి ఎగిరిపోతాయి, వాటిలో మొలిచేవి తక్కువ. మొలిచినా వేరు ఊరడానికి ఏళ్ళు పడుతుంది. సేద్యం చేసేవాళ్ళు కొద్దిమందే, ఎక్కువ సరుకు అడవినుంచే వస్తుంది. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఈ తీగ అంతరించే ప్రమాదం ఉన్న వర్గంలో ఉంది.

ఇక్కడే పేరు ముఖ్యమవుతుంది. ఎర్రచందనం దొంగతనం జరిగితే పత్రికలో వస్తుంది, ఎందుకంటే దుంగను ఎర్రచందనం అనే అంటారు. అదే శేషాచలంలో, ఆ చెట్ల పక్కనే బండ సందులో ఉన్న ఈ తీగ గోనెలకెత్తి వెళ్ళిపోతే సుగంధిపాల వెళ్ళిందంటారు. సుగంధిపాలకేం, ప్రతి గట్టు మీదా ఉంది, ఉత్తరదేశమంతా ఉంది అని నిశ్చింతగా ఉంటాం. తరిగిపోయేది ఒకటి, లెక్కలో కనిపించేది ఇంకొకటి. ఒకప్పుడు దొరలు మన సుగంధిపాలను దొంగ సార్సా అన్నారు. ఇప్పుడు మనం మారేడు కొమ్ములకు సుగంధిపాల ముసుగు వేశాం. మొదటిదాంట్లో తీగకు పేరు మాత్రమే పోయింది. రెండోదాంట్లో తీగే పోయేట్టుంది.

ఇతర భాషల్లో దీనికి పేరు లేదని ముందే అన్నాం. అంటే దీన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత ఉత్తరదేశం వాళ్ళకు లేదు, లండన్ వాళ్ళకు అసలే లేదు. తెలుగు, కన్నడ, తమిళ, మలయాళ ఇళ్ళకే ఉంది. అందులోనూ ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మనలాంటి వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. కన్నడంలో సొగదె బేరు వేరు, మాగళి బేరు వేరు. కర్ణాటకలో ఈ తేడా వంటింట్లో ఇంకా బతికి ఉంది, ఎందుకంటే ఊరగాయకు సన్న వేరు పనికిరాదు. తెలుగు నన్నారి ఆ తేడాను మింగేసింది. పరాయి భాష మన ఇంటి భాషలో పోయిన మాటను తిరిగి ఇస్తుంటే తీసుకోవడమే మంచిది.

మన ఇళ్ళల్లో చేయగలిగింది

పెద్ద పనులు ప్రభుత్వాలూ సంస్థలూ చేయాలి. బెంగళూరులో 1993 నుంచి పనిచేస్తున్న ఎఫ్ఆర్ఎల్‌హెచ్‌టీ లాంటి చోట్ల మూలికలను అడవిలోనే కాపాడే పని జరుగుతోంది. మన ఇళ్ళ స్థాయిలో చేయగలిగినవి ఇవి.

అంగడిలో అడిగి తీసుకోండి. పుల్ల సన్నంగా, వంకరగా, పైన ముదురు గోధుమ రంగు బెరడు, అక్కడక్కడా అడ్డంగా పగుళ్ళు ఉంటే సుగంధిపాల. లావుగా, ముడతలు పడిన కండతో, చీల్చితే మధ్యలో కర్ర వేరుగా ఊడివస్తే మాగళి. మందుకు కావాలంటే మొదటిదే కావాలని చెప్పండి. షర్బత్తుకైనా సన్న వేరు దొరికితే అదే తీసుకోండి, కొంచెం ఎక్కువ ఖర్చయినా.

పాకం ఇంట్లోనే పెట్టుకోండి. వేర్లు కడిగి, ఆరబెట్టి, కచ్చాపచ్చాగా దంచి, కర్ర ముక్కలు ఏరేయండి. మరిగిన నీళ్ళు పోసి మూతపెట్టి రాత్రంతా ఉంచండి. తెల్లారి వడగట్టి, ఆ నీళ్ళలో చక్కెరగానీ బెల్లంగానీ వేసి తీగపాకం రాకముందే దించేయండి. వేరును గంటలకొద్దీ ఉడికిస్తే వాసన ఆవిరిలో పోతుంది, రంగు మిగులుతుంది. చల్లారాక సీసాలో పోసుకుంటే తాగేటప్పుడు నిమ్మకాయ పిండుకోవచ్చు.

జాగా ఉంటే సుగంధిపాల నాటండి. వేరుతో ఉన్న తీగ ముక్క కుండీలో కూడా పడుతుంది, పాకడానికి ఒక పుల్ల కావాలి అంతే. మాగళి కావాలంటే అడవినుంచి పీకి తేవద్దు, నర్సరీలో పెంచిన మొక్క అడగండి. పొలం ఉన్నవాళ్ళు, పనికిరాదని వదిలేసిన రాతి గట్టు ఉన్నవాళ్ళు దాన్ని పెట్టి నాలుగైదేళ్ళు ఓపిక పడితే, మొదలు కదిలించకుండా ఒకటి రెండు కొమ్ములు తీసుకుని మళ్ళీ మన్ను కప్పొచ్చు.

అన్నిటికంటే సులువైనది, పిల్లలకు రెండు పేర్లూ చెప్పండి. మా ఇంట్లో ఇప్పుడు ఊరగాయ జాడీ మీద మారేడు కొమ్ములు అని తెలుగులోనూ, మాగళి బేరు అని కన్నడంలోనూ రాసి అంటించాం. షర్బత్తు సీసా మీద సుగంధిపాల అని రాసేది ఆ వేరు వేసినప్పుడు మాత్రమే. మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఈ రెండింటినీ ఏమంటారో పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టుకోండి. ఒడిశాలో, మహారాష్ట్రలో ఉన్న మన చుట్టాల ఇళ్ళల్లో ఇంకా ఏవైనా తెలుగు మాటలు మిగిలి ఉంటే మాకూ చెప్పండి, ఇక్కడ చేరుస్తాం.